గంజాయి చెట్టు – కడుపు జబ్బులు : రైతులు తెలిసికొనవలసిన సంగతులు



కడుపు ఉబ్బరమునకు, మలబద్ధమునకు, విరేచనములకు గంజాయి మంచి మందు అను మాట ఇటీవల పలుచోట్ల వినబడుచున్నది. హెంపు గింజలు తిన్నచో ప్రేగులు శుభ్రపడునని, గంజాయి నూనె నాలుగు చుక్కలు నాలుక క్రింద వేసికొన్నచో ఎంతటి పాత కడుపునొప్పియైనను పోవునని సెల్‌ఫోనులో చూచి, అది నిజమేనా అని అడుగు రైతులు కలరు. ఇతర దేశములలో దీనిని పంటగా వేసి లాభము గడించుచున్నారట, మనమును ఒక అరయెకరము వేసి చూడవచ్చునా అని అడుగువారును కలరు.

ఈ ప్రశ్నలకు ఒక్క మాటలో జవాబు చెప్పుట సాధ్యము కాదు. ఒకే చెట్టులో గింజ గుణము వేరు, పూత గుణము వేరు, ఆకు గుణము వేరు. చట్టము కూడ ఈ మూడింటిని మూడు విధములుగా చూచుచున్నది. ఈ తేడా తెలియక పొరపడినచో కొందరికి ఆరోగ్యము చెడును, కొందరికి జైలుశిక్ష పడును. కావున విషయములను ఒకదాని తరువాత ఒకటిగా తెలిసికొందము.

పేరుతో వచ్చు పొరపాటు

మొదట పేరు సంగతి చూతము. "హెంపు" అను ఇంగ్లీషు మాటను పలు నారమొక్కలకు వాడుచుందురు. మనము పచ్చిరొట్టకును, నారకును వేయు జనుమును సన్ హెంపు అందురు. గోగును దక్కన్ హెంపు అందురు. పూర్వము భీమునిపట్టణము రేవునుండి ఎగుమతి యగుచుండుటచే గోగునారకు బిమ్లిపటం జూటు అని కూడ పేరు వచ్చినది. గోగు శాస్త్రనామము హిబిస్కస్ కన్నాబినస్. అనగా గంజాయిని పోలినది అని అర్థము. ఆకు చీలికలు చూచి ఆ పేరు పెట్టిరి గాని, గోగునకు గంజాయితో చుట్టరికము లేదు, అందులో మత్తును లేదు.

అసలు హెంపు అనగా గంజాయి చెట్టే. దాని శాస్త్రనామము కన్నాబిస్ సటైవా. మత్తు పదార్థము మిక్కిలి తక్కువగా ఉండు రకములను నారకు, గింజకు పెంచినపుడు హెంపు అనియు, మత్తు ఎక్కువగా ఉండు రకములను పూతకై పెంచినపుడు గంజాయి అనియు అందురు. కంటితో చూచి ఇది హెంపు, ఇది గంజాయి అని తేల్చుట సాధ్యము కాదు. ప్రయోగశాలలో పరీక్షించియే చెప్పవలెను.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. విత్తనమునకు ఇంటిలో ఉంచుకొన్న జనుము గింజలను "హెంపు గింజలు" అనుకొని తినుట గాని, పిల్లలకు పెట్టుట గాని ఎంతమాత్రము కూడదు. జనుము జాతి మొక్కల గింజలలో కాలేయమును పాడుచేయు విషములు కలవు. 1975లో నాటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో (నేడిది ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది) జనుము జాతికి చెందిన ఒక కలుపుమొక్క గింజలు సామలలో కలిసిపోయినవి. ఆ ధాన్యము తిన్న గ్రామములలో కాలేయము చెడి, పొట్టలో నీరు చేరి 67 మంది జబ్బుపడగా, వారిలో 28 మంది మరణించిరి. పేరు ఒకటే అయినంతమాత్రమున గింజ ఒకటి కాదని దీనివలన గ్రహింపవలెను.

చెట్టులో ఏ భాగమును ఏమందురు?

గంజాయిలో ఆడ మొక్కలు, మగ మొక్కలు సాధారణముగా వేరువేరుగా ఉండును. ఆడ మొక్కల పూతకంకులను గంజాయి అందురు. ఆ కంకులపై ఊరు జిగురును తీసినచో చరసు అగును. ఆకును భంగు అందురు. కంకిలో పండునవి గింజలు.

మత్తు కలిగించు పదార్థము పేరు టి.హెచ్.సి. ఇది ముఖ్యముగా పూత చుట్టునున్న సన్నని జిగురు నూగులో ఉండును. ఆకులో తక్కువగా ఉండును. గింజ లోపల ఇది తయారు కాదు. కంకిలోని జిగురు గింజపై అంటుకొన్నచో ఆ మేరకు మాత్రమే పైతొక్కపై కనబడును. ఇదే చెట్టులో సి.బి.డి. అను మరియొక పదార్థము కలదు. దానివలన మత్తు రాదు. పలు దేశములలో టి.హెచ్.సి. నూటికి 0.3 వంతులు మించని రకములనే హెంపుగా అంగీకరింతురు. మత్తుకై పెంచు గంజాయి కంకులలో అది నూటికి 10 వంతులు దాటుట నేడు సామాన్యము.

ప్రేగులపై ఇది ఎట్లు పనిచేయును?

1964లో ఇజ్రాయెల్ దేశపు శాస్త్రజ్ఞులు గావొని, మెషూలం టి.హెచ్.సి.ని విడదీసి దాని నిర్మాణమును కనుగొనిరి. 1988లో దీనిని అందుకొను గ్రాహకములు మెదడులో ఉన్నవని అమెరికాలో తెలిసికొనిరి. తాళమునకు తాళపుచెవి వలె ఆ గ్రాహకములకు టి.హెచ్.సి. సరిపోవును. మన శరీరము తానుగా తయారుచేసికొను తాళపుచెవి ఏది అని వెదకి, 1992లో ఒక పదార్థమును పట్టుకొనిరి. మన సంస్కృతపు "ఆనంద" శబ్దమును తీసికొని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టిరి.

ఇట్టి గ్రాహకములు మెదడులోనే గాక ప్రేగుల నరములపై కూడ ఉన్నవి. ప్రేగు గోడలో సన్నని నరముల వల కలదు. కాలువ మీది లస్కరు తూము తలుపులు ఎత్తుచు, దించుచు నీటిని నడిపించినట్లు, ఈ నరములు ప్రేగు కండలను బిగించుచు, సడలించుచు ఆహారమును ముందునకు నడిపించును. టి.హెచ్.సి. ఆ నరముల పనిని మందగింపజేయును. అందుచే ప్రేగుల కదలిక తగ్గును. తిన్నది కడుపులోనుండి దిగుట ఆలస్యమగును. మెలిపెట్టు నొప్పి తెలియుట తగ్గును. వాంతి వచ్చునట్లుండుట కూడ తగ్గును.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: మలబద్ధము ఉన్నవారికి గంజాయి పూత, ఆకు మేలు చేయకపోగా, ఇంకను బిగించును. రెండవది: నొప్పి తగ్గుట వేరు, జబ్బు తగ్గుట వేరు. ఈ రెండవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది.

పూర్వము మన దేశములో వాడిన విధము

గంజాయి చెట్టును కడుపు జబ్బులకు వాడుట మన దేశములో కొత్త కాదు. ఆయుర్వేదమున దీనిని భంగ యనియు, విజయ యనియు చెప్పిరి. శార్ఙ్గధర సంహితలోని జాతీఫలాది చూర్ణమున భంగు ఒక ముఖ్యద్రవ్యము. గ్రహణి, అతిసారము మొదలగు వాటికి వైద్యులు దానిని ఇచ్చుచుండిరి. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు డాక్టరు విలియం బ్రూక్ ఓషానెస్సీ దీనిని మొదట జంతువులపై పరీక్షించి, తరువాత కీళ్లవాతము, ధనుర్వాతము, కలరా రోగులకు ఇచ్చి చూచి, ఫలితములను ప్రకటించెను. 1893–94లో ప్రభుత్వము నియమించిన భారత హెంపు డ్రగ్సు కమిషను దేశమంతట వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించినపుడు, విరేచనములకు, జిగట విరేచనములకు దీనిని వాడుచున్నట్లు పలువురు చెప్పిరి.

అయితే ఆ వైద్యులు భంగును ఉన్నదున్నట్లుగా వాడలేదు. శుద్ధిచేసి, ఇతర ద్రవ్యములతో కలిపి, కొలత ప్రకారము ఇచ్చిరి. నేటి మందుల చట్టపు నియమములలో కూడ ఆయుర్వేద విషద్రవ్యముల పట్టికలో భంగు చేర్చబడినది. గింజలను మాత్రము మినహాయించిరి. అట్టి మందును వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనను హెచ్చరిక సీసాపై ముద్రింపవలెను. పెద్దలు వాడిరి కదాయని చేనిగట్టున మొలచిన ఆకు తెచ్చి నూరి త్రాగుట, ఆ వైద్యమూ కాదు, ఈ వైద్యమూ కాదు.

విరేచనములకు గంజాయి ఎందుకు కూడదు?

నీళ్ల విరేచనములలో ప్రాణము తీయునది విరేచనముతో పోవు నీరు, ఉప్పు. ఇది తెలియని కాలములో ప్రేగును ఎట్లయినను బిగించుటయే వైద్యమని నల్లమందు, గంజాయి వాడిరి. విరేచనము నిలిచినట్లు కనబడినను పోయిన నీరు తిరిగి రాదు. గండి పూడ్చినంతమాత్రమున ఎండిన చేనికి తడి రాదు కదా!

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలినది. నరములలోనికి ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో తయారుచేయించి రోగులకు త్రాగించెను. అంతకు ముందు నూటికి సుమారు 30 మంది చనిపోవుచుండగా, ఈ నీరు త్రాగినవారిలో నూటికి నలుగురు కూడ చనిపోలేదు. నేడు మనము వాడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇదియే.

గంజాయి ఇచ్చుటవలన మూడు కీడులు కలవు. జిగట విరేచనములలో ప్రేగు కదలికను నిలిపినచో సూక్ష్మజీవులు, వాటి విషము లోపలనే నిలిచిపోవును. మత్తుతో తూగు రోగి, ముఖ్యముగా పసిబిడ్డ, నీరు త్రాగదు. మగత మందువలన కలిగినదా, నీరు ఇంకిపోవుటవలన కలిగినదా అని వైద్యునికి కూడ తెలియకపోవును. కావున ఏ వయస్సు పిల్లలకును పాలలో గాని, బెల్లములో గాని భంగు కలిపి ఇవ్వరాదు.

చేయవలసినది ఇది: ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లమును పొట్లముపై వ్రాసియున్నంత నీటిలో (పెద్ద పొట్లమునకు 1 లీటరు) పూర్తిగా కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించవలెను. పొట్లము దొరకునంతవరకు, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో చిన్న చెంచాతో తలకొట్టి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. ఉప్పు ఎక్కువ వేయరాదు. తల్లిపాలు, భోజనము మానరాదు. పిల్లలకు ఆశా కార్యకర్త ఇచ్చు జింకు మాత్రలను విరేచనములు కట్టినను 14 దినములు వాడవలెను. మలములో రక్తము పడుట, కన్నులు లోతుకు పోవుట, మూత్రము రాకపోవుట, త్రాగలేకపోవుట – వీటిలో ఏది కనబడినను ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

పాతబడిన ప్రేగు జబ్బులు

ప్రేగులు వాచి, పుండ్లుపడి సంవత్సరముల తరబడి బాధించు జబ్బులు రెండు ముఖ్యముగా కలవు. వాటిలో ఒకటి క్రోన్స్ జబ్బు, మరియొకటి పెద్దప్రేగు పుండ్ల జబ్బు. గంజాయి వీటికి పనిచేయుననియే ఎక్కువగా ప్రచారము జరుగుచున్నది. కావున పరీక్షలలో ఏమి తేలినదో చూతము.

2013లో ఇజ్రాయెల్‌లో ఇతర మందులకు లొంగని 21 మంది క్రోన్స్ రోగులపై 8 వారములు పరీక్ష జరిపిరి. 11 మందికి టి.హెచ్.సి. గల గంజాయిని, 10 మందికి ఆ పదార్థమును తీసివేసిన దానిని ఇచ్చిరి. మొదటి 11 మందిలో 10 మందికి బాధలు తగ్గినవి. రెండవ గుంపులోని 10 మందిలో నలుగురికి తగ్గినవి. అయితే రక్తపరీక్షలో వాపును తెలుపు గుర్తు మారలేదు. 2021లో అక్కడనే 56 మందికి సి.బి.డి. ఎక్కువగా ఉన్న నూనెతో జరిపిన పరీక్షలోను ఇట్లే జరిగినది. రోగులు సుఖముగా ఉన్నదనిరి గాని, గొట్టము పంపి లోపల చూచినపుడు పుండ్లు మానుటలో తేడా కనబడలేదు. 2018లో కొక్రేన్ సంస్థవారు అప్పటివరకు జరిగిన పరీక్షలను కలిపి పరిశీలించి, ఈ రెండు జబ్బులకును గంజాయి మేలు చేయునని గాని, చేయదని గాని గట్టిగా చెప్పుటకు వీలులేదనిరి.

అనగా ఇది నొప్పిని, వికారమును మరపించును. ఆకలి కలిగించును. నిద్ర పట్టించును. లోపలి పుండును మాన్పునని మాత్రము రుజువు కాలేదు. మన దేశములో దీనివలన మరియొక అపాయము కలదు. ప్రేగుల క్షయ అచ్చముగా క్రోన్స్ జబ్బు వలెనే కనబడును. వైద్యులకు కూడ పలు పరీక్షలు చేసిన గాని తేడా తెలియదు. క్షయకు మందులు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు. నియమముగా వాడినచో నయమగును. ప్రేగులోని కణితిని కూడ మొదటనే పట్టుకొన్నచో కోసివేయవచ్చును. గంజాయితో నొప్పిని అణచుకొని ఆరు నెలలు గడిపినచో, నయము కాదగిన జబ్బు చేయి దాటిపోవును.

రెండు మూడు వారములకు మించిన విరేచనములు లేక మలబద్ధము, కారణము లేకుండ బరువు తగ్గుట, మలములో రక్తము, సాయంకాలపు జ్వరము, రక్తహీనత – ఇవి ఉన్నవారు ఇంటివైద్యము మాని పెద్ద ఆస్పత్రికి పోవలెను.

వాంతులు తగ్గించును, వాంతులు కలిగించును

గంజాయిలోని పదార్థమునకు నిజముగా రుజువైన ఉపయోగము ఒకటి కలదు. క్యాన్సరు మందులవలన కలుగు వాంతులను ఇది తగ్గించును. టి.హెచ్.సి.తో సమానముగా తయారుచేసిన డ్రోనాబినాల్ అను మాత్రను 1985లో అమెరికా ప్రభుత్వము దీనికై అంగీకరించినది. అది కొలత తెలిసిన మందు. ఇతర మందులు పనిచేయనపుడు వైద్యుడు వ్రాసి ఇచ్చునది.

దీనికి మారుగా, ఏండ్ల తరబడి గంజాయి త్రాగువారిలో కొందరికి విడువని వాంతులు, కడుపునొప్పి పట్టుకొనును. 2004లో దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు దీనిని మొదట వివరించిరి. ఇట్టివారు వేడినీళ్ల స్నానముతో కొంత ఉపశమనము పొంది, మాటిమాటికి స్నానము చేయుచుందురు. ఈ వాంతులకు గంజాయిని పూర్తిగా మానుటయే మందు. మీ ఇంటిలో గాని, ఊరిలో గాని ఈ లక్షణములున్న యువకుడు ఉన్నచో అతనిని తిట్టి లాభము లేదు. ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మత్తు మాన్పించు సలహాకు 14446 అను ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు కలదు.

గింజ సంగతి

గింజ మాత్రము ఆహారము. ఉత్తరాఖండ్‌లోని కుమావూ, గఢ్వాల్ కొండలలో చలికాలమున వీటిని వేయించి, నూరి పచ్చడి చేసికొందురు. మనము నువ్వులను వాడినట్లే వారు వీటిని వాడుదురు. గింజలో నూటికి సుమారు 30 వంతులు నూనె, 25 వంతులు మాంసకృత్తులు ఉండును. మత్తు ఉండదు.

ప్రేగులకు గింజ చేయు మేలు ముఖ్యముగా పీచువలన కలుగును. ఆ పీచు పైతొక్కలో ఉన్నది. తొక్కతో ఉన్న గింజలో నూటికి నాల్గవ వంతునకు పైగా పీచు ఉండగా, తొక్క తీసిన పప్పులో అది మిక్కిలి స్వల్పము. అంగడులలో ఎక్కువ వెలకు అమ్మునది సాధారణముగా తొక్క తీసిన పప్పే. మలబద్ధమునకని దానిని కొనువారు, పనిచేయు భాగమును వదలిన దానిని కొనుచున్నారని తెలిసికొనవలెను.

చైనా వైద్యమున ఈ గింజను మలబద్ధమునకు చిరకాలమునుండి వాడుచున్నారు. 2011లో హాంగ్‌కాంగ్‌లో 120 మందిపై జరిపిన పరీక్షలో, ఈ గింజ చేరిన మాత్రలను 8 వారములు వాడినవారిలో నూటికి 43 మందికి, ఉత్త మాత్రలు వాడినవారిలో నూటికి 8 మందికి మేలు కలిగినది. ఇది మంచి ఫలితమే. కాని ఆ మాత్రలో గింజతో పాటు రేవలచిన్ని మొదలగు మరి ఐదు మూలికలు కలవు. రేవలచిన్ని తానుగానే విరేచనకారి. కావున ఆ మేలునంతయు గింజ ఖాతాలో వ్రాయరాదు.

2021లో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ హెంపు గింజను, గింజల నూనెను, పిండిని ఆహారముగా అంగీకరించినది. గింజ మొలకెత్తనిదై యుండవలెననియు, కిలో గింజలో టి.హెచ్.సి. 5 మిల్లిగ్రాములు మించరాదనియు నియమము పెట్టినది. కొనదలచినవారు ఆ సంస్థ లైసెన్సు నంబరు ఉన్న పొట్లమునే కొనవలెను. విడిగా అమ్మునది కొనరాదు. మొదట ఒక చెంచాతో ప్రారంభించి నీరు ఎక్కువగా త్రాగవలెను. ఒక్కసారిగా ఎక్కువ తిన్నచో ఉబ్బరము, పలుచని విరేచనములు కలుగును.

నూనె సీసాల సంగతి

గింజల నూనె వేరు, పూత ఆకులనుండి తీసిన సారము వేరు. రెండింటిని హెంపు నూనె అనియే అమ్ముచుండుటచే పలువురు మోసపోవుచున్నారు. మొదటిది నువ్వులనూనె వంటి వంటనూనె. రెండవది మందు. అందులో సి.బి.డి. గాని, టి.హెచ్.సి. గాని ఉండును.

సి.బి.డి.ని 2018లో అమెరికాలో కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకు మందుగా అంగీకరించిరి. కడుపు జబ్బులకు కాదు. పైగా దానిని వాడువారిలో సామాన్యముగా కనబడు బాధలలో విరేచనములు, ఆకలి తగ్గుట, మగత కలవు. కొందరిలో కాలేయమునకు దెబ్బ తగులును. రక్తము గడ్డకట్టకుండ వాడు మాత్రలతోను, మూర్ఛ మందులతోను కలిసి వాటి బలమును ప్రమాదకరముగా పెంచును. కావున ఇట్టి సీసాను వైద్యుడు వ్రాసి ఇవ్వక కొనరాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు వాడనేరాదు.

పంటగా వేయవచ్చునా?

దీనికి జవాబు స్పష్టము. ఆంధ్రప్రదేశ్‌లో గాని, తెలంగాణలో గాని రైతు తనంతట తాను ఈ చెట్టును పెంచరాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక గంజాయి మొక్కను సాగుచేసినవారికి 10 సంవత్సరముల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. 20 కిలోలు మించిన గంజాయితో పట్టుబడినచో శిక్ష 10 సంవత్సరములకు తగ్గదు, 20 సంవత్సరముల వరకు ఉండును. ఇది హెంపు రకము, మత్తు లేదు అని చెప్పినంతమాత్రమున కేసు పోదు.

ఆ చట్టములోనే నారకు, గింజకు మాత్రము సాగును ప్రభుత్వము ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతింపవచ్చునని కలదు. దానిని అనుసరించి ఉత్తరాఖండ్ 2018లో మొదటగా లైసెన్సు ఇచ్చినది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము గంజాయిని అత్యంత కఠినమైన పట్టికనుండి తొలగించినది. మన దేశము కూడ అందుకు ఓటు వేసినది. దానివలన వైద్య పరిశోధనకు దారి సులువైనదే గాని, సాగు స్వేచ్ఛ రాలేదు. భంగు ఆకు ఈ కేంద్ర చట్టపు నిర్వచనములో లేకున్నను, రాష్ట్రముల ఎక్సైజు చట్టముల క్రిందకు వచ్చును. ఆకు కొరకని మొక్క పెంచినను నేరమే.

మీ భూమిలో ఇతరులు ఈ మొక్కను వేసినట్లు తెలిసినచో వెంటనే అధికారులకు తెలుపుట భూమి కలవాని విధి అని కూడ ఈ చట్టము చెప్పుచున్నది. తెలిసియు ఊరకున్నచో శిక్ష కలదు. కౌలుకు ఇచ్చినవారు, మిరప, కంది చేల నడుమ మొక్కలను దాచుట చూచినవారు దీనిని గమనింపవలెను. 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేర విశాఖ మన్యములో వేల ఎకరముల గంజాయి తోటలను నరికివేసిరి. పెట్టుబడి పెట్టిన వ్యాపారి దూరమున ఉండును. దున్నిన రైతు చేనిలోనే దొరకును. ఆ కొండలలోనే కాఫీ, మిరియము, పసుపు, రాజ్‌మా పండించి నిర్భయముగా అమ్ముకొను కుటుంబములు వేలకొలది కలవు.

మన చేలలోనే ఉన్న మందు

హెంపు గింజ ప్రేగులకు చేయగల మేలు పీచువలన కలుగునదని పైన చెప్పితిమి. ఆ పీచు మన చేలలో పండుచునే ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల సజ్జలలోను, రాగులలోను సుమారు 11 గ్రాముల చొప్పున, జొన్నలలో 10 గ్రాముల పీచు కలదు. పాలిషు పట్టిన బియ్యములో 3 గ్రాములకు లోపుగానే ఉన్నది. మూడు పూటలు తెల్లని అన్నము తినుచు మలబద్ధమునకు దూరదేశపు గింజ వెదకుట, ఇంటి బావి ఉండగా పొరుగూరినుండి నీళ్లు మోయుటయే.

ఒక పూట జొన్నరొట్టె గాని, రాగిసంకటి గాని తినవలెను. కందులు, పెసలు, ఆకుకూరలు, జామకాయ వాడుకలో ఉంచవలెను. అవిసెగింజలు వేయించి పొడిచేసి దినమునకు ఒకటి రెండు చెంచాలు తినవచ్చును. ఇసపుగోలు పొట్టు ఒక చెంచా నిండు గ్లాసు నీటిలో కలిపి త్రాగవచ్చును. ఎండలో పనిచేయువారు నీరు తక్కువ త్రాగుటయే పలువురి మలబద్ధమునకు కారణము. చేనికి పోవునపుడు నీళ్లబిందె మరువరాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. జనుము, గోగు, గంజాయి వేరువేరు మొక్కలు. జనుము గింజ తినరాదు.
2. గంజాయి పూత, ఆకు ప్రేగు కదలికను తగ్గించును. మలబద్ధమును పెంచును.
3. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. నీరే మందు. పిల్లలకు భంగు ఇవ్వరాదు.
4. నొప్పి తగ్గినంతమాత్రమున జబ్బు పోయినట్లు కాదు. క్షయను, కణితిని ముందుగా పట్టుకొనవలెను.
5. హెంపు గింజ ఆహారమే. లైసెన్సు నంబరు ఉన్న పొట్లమునే కొనవలెను. దానిని విత్తరాదు.
6. సారపు నూనెను వైద్యుని చీటీ లేక వాడరాదు.
7. ఈ చెట్టును సాగుచేయుట నేరము. మీ భూమిలో కనబడినచో వెంటనే అధికారులకు తెలుపవలెను.

చిరుధాన్యముల విత్తనము, సాగు పద్ధతుల కొరకు మీ మండల వ్యవసాయాధికారిని, కడుపు జబ్బులకు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సంప్రదింపవలెను. ఈ సంగతులను చదువురాని ఇరుగుపొరుగు రైతులకు కూడ చదివి వినిపింప గోరుచున్నాము.